ఎడమ పక్క పూలు

పదకొండూ నలభైకి మందు ఎక్కడం మొదలైంది, పన్నెండూ నలభైకి అయిపోతుంది. ఈ గంటలో ఓబులేసు మెదడులో అడ్డం పడిన రక్తపు గడ్డ కరగాలి, కరగకపోతే పోనీ, ఇంకోచోట రక్తం చిమ్మకుండా అన్నా ఉండాలి, ఈ రెంటి మధ్య డాక్టర్ ధరణి చెయ్యగలిగింది ఒక్కటే, కుర్చీ లాక్కుని కూర్చోవడం. కూర్చుంది. మంచానికి ఎడమ పక్కన, కావాలనే. కుడి పక్కన శ్రీదేవి సిస్టర్ నిలబడి బీపీ చూస్తోంది, ఓబులేసు ఆమెతోనే మాట్లాడుతున్నాడు, మూతి కొంచెం వంకరగా, మాట కొంచెం ముద్దగా, "నాకేమైందని మ్మా ఇంత హడావిడి, మగ్గం మీద చీర ఉండాది, ఇడిసిపెట్టండి నన్ను" అని. ఎడమ చెయ్యి దుప్పటి మీద, ఎవరో బస్సులో మర్చిపోయి దిగిన సంచిలా పడి ఉంది. అది తన చెయ్యే అని అతనికి తెలియదు. ఆ పక్కన ఒక డాక్టరు కూర్చుని ఉందనీ తెలియదు. అతని లోకం ముక్కు దగ్గర తెగిపోయింది, కుడి సగం ఉంది, ఎడమ సగం లేదు, లేదన్న సంగతి కూడా లేదు, అందుకే బెంగ లేదు, బెంగంతా ఈ పక్కన కూర్చున్న మనిషిది. సిరంజి పంపు చిన్నగా టిక్కుమంటోంది. టిక్కు, టిక్కు. మగ్గం చప్పుడు ఇంకా పెద్దది, టక్కుమని పలక వచ్చి పేకను, అడ్డదారాన్ని, కొట్టే చప్పుడు, చిన్నప్పుడు ధర్మవరంలో ఆ చప్పుడు ఆగితేనే ధరణికి మెలకువ వచ్చేది.

నాలుగున్నర గంటలు. పుస్తకంలో ఉన్న గీత అది. పక్షవాతం తగిలిన నాలుగున్నర గంటల లోపల ఈ మందు ఎక్కిస్తే మేలు, దాటాక ఎక్కిస్తే మేలు కంటే కీడెక్కువ, అప్పటికే చచ్చిన మెదడులోకి రక్తం చిమ్ముతుంది. తగిలిన క్షణం ఎవరూ చూడకపోతే, మనిషి చివరిసారి బాగా కనిపించిన క్షణం నుంచే లెక్క. సోమందేపల్లిలో పొద్దున ఆరింటికి అతని భార్య బుజ్జమ్మ మొగుడికి టీ ఇచ్చి పెనుకొండ బస్సెక్కింది, శుక్రవారం కదా, దర్గాలో చక్కెర చదివించడానికి. పదింటికి తిరిగొచ్చి చూస్తే మొగుడు మగ్గం గుంతలోనే ఉన్నాడు, ఎడమ చెయ్యి వేలాడేసుకుని, కుడి చేత్తో జరీ దారం చుట్టిన కండె పట్టుకుని, ఇంకా నేస్తున్నాననే అనుకుంటూ. ఆరు నుంచి లెక్కేస్తే పదిన్నరకే గీత దాటిపోయింది, అంబులెన్స్ హిందూపురం చేరిందే పదకొండూ ఐదుకి. స్కానులో రక్తం లేదు, పాత మచ్చ లేదు, మెదడు ఇంకా నల్లబడలేదు. బాగుంది. అయినా గడియారం ఒప్పుకోదు. ఇంకెవరైనా అయితే ఫైలు మీద 'సమయం తెలియదు' అని రాసి పక్కన పెట్టేవాళ్ళు, తప్పు కూడా కాదు. ధరణి మాత్రం ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు శ్రీకాంత్‌కి ఫోన్ చేసింది, అతను అప్పుడే షిఫ్టు వదిలి ఇంటికొచ్చి ఆరోగ్య కార్డు కోసం బీరువా తిరగేస్తున్నాడు. "కార్డు తర్వాత చూద్దాం, ముందు మగ్గం మీద చీర ఫోటో తీసి పంపు" అంటే అతను మండిపడ్డాడు. "మేడమ్, మా నాయన ఆడ సావు బతుకుల్లో ఉంటే మీరు చీరలు అడుగుతాండారేంది?" పంపాడు కానీ. కోపంతో తీసినా ఫోటో బాగా వచ్చింది.

నేరేడు పండు రంగు నేల. అడ్డంగా జరీ పూల వరసలు, వరసకు పదకొండు పూలు. ఒక్కొక్క పువ్వుకూ ఒక్కొక్క చిన్న కండె, వేళ్ళతో లోపలికి దూర్చి ఇవతలికి తీయాలి, ఆ కొస నుంచి ఈ కొస దాకా. మిషను చెయ్యదు, చెయ్యి చెయ్యాలి, ఆ చేతికి కన్ను దారి చూపించాలి. అంచులో పసుపు దారం ఒకటి ముడేసి ఉంది. దారం తర్వాత నాలుగు వరసలు నిండుగా ఉన్నాయి. ఐదో వరసలో ఎడమ కొస పువ్వు లేదు. ఆరో వరసలో ఎడమన మూడు లేవు. ఏడో వరసలో ఎడమ సగం మొత్తం బోడి. ఫోటో తెరవగానే ధరణి గుర్తుపట్టింది, ఇరవై రెండేళ్ళ కింద ఇదే చీర చూసింది, ఇదే అంటే ఇది కాదు, చిలకపచ్చది, కానీ ఇదే. ఏమీ చెప్పకుండా ఫోన్ బుజ్జమ్మ చేతిలో పెట్టి "ఇది చూసి చెప్పమ్మా" అంది, అంతే. బుజ్జమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వేలితో గాజు మీద వరసలు లెక్కపెట్టింది. "ఈ దారం కాడి నుంచి నాలుగు వరసలు బాగుండాయి. ఆయప్ప వరసకి అర్ధగంట. రెండు వరసలకి నా వంట అయిపోతాది, ముప్పై ఏండ్లుగా అదే లెక్క, తేడా రాదు. అంటే ఎనిమిది దాకా బాగుండాడు మ్మా. ఎనిమిది తర్వాతనే ఏదో అయింది." ఎనిమిది. ఎనిమిది నుంచి నాలుగున్నర అంటే పన్నెండున్నర. ఇంకా గంట ఉంది.

ఇంత సులువా? ఇంత సులువుగా దొరికిందంటేనే అనుమానించాలి. పోయిన సంవత్సరం రామప్ప సంగతి అలాగే కదా జరిగింది. మడకశిర పక్కనుంచి తెచ్చారు, వక్కతోట రైతు, ఎడమ పక్క పడిపోయింది, ఎప్పుడు పడిందో కొడుకులకు తెలియదు. మంచం మీద ఆ ముసలాయన గడ్డం, బుగ్గ మీద గుంట, అచ్చం ధరణి వాళ్ళ నాయన తిమ్మప్పే. ధరణి ఆ కొడుకుల్ని అడిగిందా, కాదు, వాళ్ళ నోట్లో మాట పెట్టింది. తెల్లారుజామున బాగానే ఉన్నాడు కదా? లేచాడు కదా? కాఫీ తాగాడు కదా? డాక్టరమ్మ అంత ఆశగా అడుగుతుంటే కాదనడానికి వాళ్ళకు మొహం చెల్లలేదు, ఊ అన్నారు, తాగినాడు మేడమ్ అన్నారు. మందు కలిపే లోపల బెంగళూరు నుంచి దినేష్ సార్, ఆమెకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు, పంపిన స్కాను చూసి ఫోన్ చేశాడు. "ఆపు. ఇది నిన్నటిది. మెదడు నల్లబడింది కనపడలేదా?" కనపడింది. కనపడలేదు. చూడదలచుకోలేదు. ఎక్కించి ఉంటే రామప్ప ఆ సాయంత్రమే పోయేవాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు, పోయిన నెల వచ్చి పసుపు రాసిన వక్కలు నాలుగు చేతిలో పెట్టి "నీ చేతి గుణం తల్లీ" అన్నాడు, ధరణి తలెత్తలేకపోయింది. ఆ రోజు దినేష్ సార్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "నీ ముందు పడుకున్నది మీ నాయన కాదు, ధరణీ. ముందు ఆ సంగతి తేల్చుకో, తర్వాత నాడి పట్టుకో."

ఈ రోజూ ఆయనకే ఫోన్ చేసింది. స్కానూ, చీరా, రెండూ పంపింది. ఆయన రెండూ చూశాడు. తర్వాత ఒకటే ప్రశ్న, "వరసలు నువ్వు లెక్కపెట్టావా, ఆమె లెక్కపెట్టిందా?" ఆమె సార్, నేనేమీ అడగలేదు, చూసి చెప్పమన్నాను, అంతే. "మనుషులు డాక్టరు మొహం చూసి మాట్లాడతారు. బట్టకు ఆ అలవాటు లేదు. ఇవ్వు." బుజ్జమ్మకు చెప్పింది, నూరు మందిలో ఐదారుగురికి ఈ మందుతో తలలో రక్తం పోతుందమ్మా, మీ ఇష్టం అని. బుజ్జమ్మ సంతకం పెడుతూ, "ఆయప్ప చెయ్యి ఆయప్పకి ఇప్పించు తల్లీ, ఇంకేమీ అడగను" అంది. ఇంకేమీ అడగనని అన్నీ అడిగేసింది.

పదకొండూ యాభై ఐదు. పదిహేను నిమిషాలకొకసారి చూడాలి. "ఓబులేసప్పా, రెండు చేతులూ పైకెత్తు." కుడి చెయ్యి ఠక్కున లేచింది. "ఎత్తినా కదా" అన్నాడు, గర్వంగా, శ్రీదేవి వైపు చూస్తూనే, మాట ఎటునుంచి వచ్చిందో పట్టించుకోకుండా. రెండోది? "రెండూ ఎత్తినా కదమ్మా, కండ్లు లేవా నీకు?" కండ్లు లేవా నీకు. ధరణి కాగితం మీద సున్నా వేసింది. ఓబులేసప్పా అని పిలవడం కూడా కావాలనే. ఈ పక్క ముసలివాళ్ళని అందరూ నాయనా అనే పిలుస్తారు, సిస్టర్లూ, ఆయమ్మలూ, కాంపౌండరూ, ఆమె ఒక్కతే పేరు పెట్టి పిలుస్తుంది, రామప్ప తర్వాత నుంచి. ఓబులేసప్ప. ఇది ఓబులేసప్ప. మా నాయన మీసం పెట్టేవాడు కాదు, ఈయనకు మీసం ఉంది. మా నాయన ఒక్క మాట తూలేవాడు కాదు, ఈయన స్కాను గదిలో ఇద్దరిని తిట్టాడు. ఈయన వేరు. వేరు కాబట్టి వేరుగా జరగొచ్చు.

కండ్లు లేవా నీకు. తొమ్మిదో తరగతి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చింది, బడి సంచి గడప దగ్గర పడేసి మగ్గం ఇంట్లోకి తొంగి చూసింది. నాయన గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు, చిలకపచ్చ చీర, మామిడి పిందెల పూలు. ఎడమ పక్క జానెడు మేర పూలే లేవు, గుండు చేయించుకున్న తలలా ఉంది. నవ్వొచ్చింది. ధర్మవరం మొత్తంలో తిమ్మప్ప చేతికి తప్పు రాదని పేరు, అట్లాంటి నాయన పూలు మర్చిపోవడమేంది! "నాయనా, ఎడమ పక్క పూలు ఎగరగొట్టినావే!" అని పకపకా నవ్వింది. నాయన చీర వైపు చూశాడు, ఎంతసేపో చూశాడు, "యాడే? అన్నీ ఉండాయి కదా, కండ్లు లేవా నీకు? ఎందుకే నగుతాండావు?" అన్నాడు. కోపం కాదు, నిజంగా అర్థం కాక అడిగాడు. ఆమె ఇంకా నవ్వుకుంటూ, జవాబు చెప్పకుండా, అన్నం తిని బడికి పరిగెత్తింది, దారిలో స్నేహితురాలికి కూడా చెప్పి నవ్వించింది. సాయంత్రం వచ్చేసరికి వీధిలో జనం. నాయన గుంతలోకి ఒరిగిపోయాడు. గాలి సోకిందన్నారు ఎవరో, పసరు తాగించారు, మూడు రోజులు. మగ్గం పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది, వరస వరసకూ చెప్పింది, చదవగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే, ఆమె చదివింది, చదివి నవ్వింది.

ఆ నవ్వు ఆరేళ్ళు మోసింది. ఆరేళ్ళు నాయన మంచం మీదే ఉన్నాడు, అమ్మ కదిరమ్మ మగ్గంలో కూర్చుంది, మంచం కుడి పక్క గోడకు ఆనించి ఉండేది. ధరణి ఎడమ పక్కన పీట వేసుకుని చదువుకునేది, నాయనా ఈ రోజు లెక్కల్లో నాకే ఎక్కువ అని చెప్పేది, నాయన గోడ వైపు చూస్తూ ఉండేవాడు. నాయనా నాకు మెడిసిన్‌లో సీటొచ్చింది అని చెప్పింది. గోడ వైపే చూస్తూ ఊ అన్నాడు. అవ్వ వచ్చినా అంతే, చుట్టాలు వచ్చినా అంతే, కానీ ధరణి లెక్క వేరు, నవ్వినందుకు నాయన తన మొహం చూడడం లేదు, ఇంకెప్పుడూ చూడడు. ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి. నాయన పోయిన మరుసటి ఏడు, కర్నూలులో, మధ్యాహ్నం క్లాసు, ఫ్యాను తిరుగుతోంది, సగం మంది నిద్రపోతున్నారు, మేడమ్ గోడ మీద ఒక బొమ్మ చూపించింది, ఎవరో పేషెంటు గీసిన పువ్వు. కుడి పక్క రేకులున్నాయి, ఎడమ పక్క ఒక్కటీ లేదు. ఈ పేషెంటుకు చూపు పోలేదు, మెదడులో ఎడమ అనేదే పోయింది, ఆ పక్క కూర్చున్న మనిషి వీళ్ళకు లేనట్టే లెక్క, ఇంట్లోవాళ్ళు కోపమనుకుంటారు, అని మేడమ్ చాలా మామూలుగా చెప్పి తర్వాతి బొమ్మకు పోయింది. ధరణి లేచి బయటికి వెళ్ళి వరండాలో నీళ్ళ కుళాయి కింద తల పెట్టింది. కోపం కాదు. ఆరేళ్ళు. కోపం కాదు. మంచం అటుది ఇటు తిప్పి వేసి ఉంటే చాలు. గోడ ఎడమకు పోయేది, మనుషులు కుడికి వచ్చేవాళ్ళు, నాయన అందరినీ చూసేవాడు. నలుగురు పట్టుకుంటే రెండు నిమిషాల పని.

అందుకే ఈ వార్డులో ఆమె రౌండ్లకు వస్తుంటే ఆయమ్మలు "మేడమొస్తాంది, మంచాలు తిప్పండి ప్పా" అని వేళాకోళం చేస్తారు. చేసుకోనీ. ప్రతి పక్షవాతం మంచం పక్కా ఆమె రెండు నిమిషాలు ఎక్కువ నిలబడుతుంది, కూతుర్నో కోడల్నో భుజం పట్టుకుని చోటు మారుస్తుంది, ఈ పక్క కూర్చో, ఆ పక్క కూర్చుంటే నువ్వు కనపడవు, అది కోపం కాదు, తెలిసిందా, కోపం కాదు. ఎందుకంత గట్టిగా చెబుతుందో వాళ్ళకు తెలియదు, తెలియనక్కర్లేదు. నేతపని వాళ్ళు ఎవరొచ్చినా, తలనొప్పని వచ్చినా నడుమునొప్పని వచ్చినా, మగ్గం మీద ఏముందో ఫోనులో చూపించమంటుంది. ముందు ఎగాదిగా చూస్తారు, తర్వాత మురిసిపోతారు, మా పనితనం అడిగిన డాక్టరు ఇంతవరకూ లేదని. పది మందిలో తొమ్మిదిమందికి ఏమీ ఉండదు, ఉన్నది చెప్పుకున్నందుకే సగం నొప్పి పోయి లేచి వెళతారు. కానీ పదును రెండు పక్కలా ఉంది. నాయన కథ ఆమెకు చీర చదవడం నేర్పింది, అదే కథ రామప్ప స్కాను చదవకుండా కళ్ళు మూసింది. ఈ రోజు ఏది చేసింది? పంపు టిక్కుమంటోంది. కిటికీ బయట చింతపండు లారీ వెనక్కి తిరుగుతూ కూత పెడుతోంది, పుల్లటి వాసన లోపలికి వస్తోంది, హిందూపురంలో ఈ వాసన రాని గది లేదు.

పన్నెండూ ఎనిమిది. ఓబులేసు నొసలు చిట్లించాడు. కుడి చెయ్యి తల మీదికి పోయింది. ధరణి లేచిన సంగతి లేచాకే తెలిసింది, వేలు పంపు మీటకు ఆనించి ఉంది. తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత కనుపాప పెద్దదవుతుంది, తర్వాత ఏమీ చెయ్యడానికుండదు. "ఓబులేసప్పా, తల నొస్తాందా?" అతను శ్రీదేవినే చూస్తూ, "నొప్పి గాదు. ఈ తలకాయకి కట్టిండేది బిర్రుగా ఉండాది, ఇప్పు మ్మా" అన్నాడు. శ్రీదేవి వంగి జుట్టు పక్కకు తీసి చూసింది. జుట్టు లోపలికి అణిగిపోయి ఆకుపచ్చ గుడ్డ పీలిక, బిగించి ముడేసి ఉంది. "స్కాన్ కాడ ఇప్పితిని మేడమ్, ఆయన పెండ్లాము మళ్ళీ కట్టేసినట్టుండాది. దర్గా గుడ్డ." బీపీ నూట యాభై రెండు, నిలకడ. కనుపాపలు సమానం. శ్రీదేవి ముడి వదులు చేస్తే ఓబులేసు హాయిగా గాలి వదిలాడు. ధరణి నవ్వబోయింది. నవ్వలేదు. ముడి. ఆ ముడి తను చూడలేదు, ఎప్పుడు వేసిందో తెలియదు. ముడి ఎప్పుడు పడిందో తెలియదు.

పసుపు దారం. ఆ ముడి ఎప్పుడు పడింది? బుజ్జమ్మ వరసలు లెక్కపెట్టింది, దారం ఎప్పటిదో ఎవరూ అనలేదు. తమ ఇంట్లో నాయన కట్టేవాడు, ఏ రోజు నేత ఆ రోజుకు తెలియడానికి, పొద్దున గుంతలో దిగగానే అంచులో ఎర్ర దారం. ఒక్కోసారి మర్చిపోయేవాడు కూడా, నిన్నటి దారమే ఉండిపోయేది. ఓబులేసు ఈ పొద్దున కట్టడం మర్చిపోయి ఉంటే? ఆ నాలుగు వరసలూ నిన్నటివైతే? అప్పుడు నేటి మొదటి వరసే ఐదోది, ఆరింటికే పూలు పోయాయి, ఆరో ఏడో గంటకే మెదడు ఎండడం మొదలు, ఇప్పుడు నరంలోకి పోతున్నది మందు కాదు. నిన్న సాయంత్రమే పోయి ఉంటే? స్కాను నల్లబడలేదు, సరే, ఒక్కోసారి స్కాను ఆలస్యంగా చెబుతుంది. దారం కాడి నుంచి అని బుజ్జమ్మ అంది, ఈ పొద్దుటి దారం అనలేదు. ధరణి అడగలేదు. ఎందుకడగలేదు? నోట్లో మాట పెట్టకూడదని. నిజం అదేనా? లేక వినాలనుకున్నది వినేసింది కాబట్టి చెవులు మూసుకుందా, మళ్ళీ? సగం మందు పోయింది, సగం ఉంది. ఆపాలంటే ఇప్పుడే ఆపాలి. ఆపితే, బుజ్జమ్మ లెక్క నిజమైతే, ఆ చెయ్యి దుప్పటి మీద అట్లాగే ఉండిపోతుంది, ఆరేళ్ళో పదేళ్ళో. "సిస్టర్, రెండు నిమిషాలు. కన్ను తిప్పొద్దు" అని తలుపు తోసుకుని బయటికొచ్చింది.

బుజ్జమ్మ గోడ వారగా నేల మీద కూర్చుని ఉంది, పక్కన ఇంకా చెప్పులు కూడా విడవని శ్రీకాంత్, ఫ్యాక్టరీ చొక్కాతోనే. ధరణిని చూడగానే ఇద్దరూ లేవబోయారు. ధరణి వాళ్ళ ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఏమీ అడగకూడదు, మాట అందించకూడదు, మొహంలో కూడా ఏమీ ఉండకూడదు. "ఆ పసుపు దారం సంగతి చెప్పమ్మా."

"యా దారం? అంచులోదా?" బుజ్జమ్మ అయోమయంగా చూసింది. "అదేముంది మ్మా చెప్పేకి."

"నాయనకెట్లుండాది మేడమ్, దారం సంగతి తర్వాత..." అని శ్రీకాంత్ మొదలుపెడితే, ధరణి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మామూలు దినాల్లో ఎర్రదారం, ఆయప్పే కట్టుకుంటాడు" అంది బుజ్జమ్మ. "ఒగోసారి కడతాడు, ఒగోసారి మర్చిపోతాడు, మగోళ్ళ పనులు నీకు తెలీవా! శుక్రారం మాత్రం నేనే కట్టాల, పసుపు పూసి. మా అత్త పెట్టిన వాడిక. శుక్రారం నేను కట్టందే ఆయప్ప మగ్గంలో నాడె ముట్టడు, ఎంత పొద్దైనా అట్లే కూర్చోనుంటాడు. పొద్దున బస్సుకు టైమైపోతాంటే, టీ గ్లాసు చేతికిచ్చి, తడి పసుపుతోనే కట్టేసి పోతిని. అదో, ఇంకా పోలేదు చూడు" అని చెయ్యి చాపింది. బొటనవేలూ చూపుడువేలూ, గోళ్ళ సందుల్లో, పసుపు.

ధరణి ఆ వేళ్ళు రెండూ పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో తెలియదు. బుజ్జమ్మ భయపడిపోయి "తప్పు చేసినానా మ్మా?" అంది. "లేదమ్మా. చాలా మంచిపని చేసినావు" అని, లేస్తూ లేస్తూ శ్రీకాంత్ వైపు ఓరగా చూసి, ఆమెతోనే, "మీ అత్తగారి వాడిక మీ కోడలికి కూడా నేర్పించు" అంది. "పెండ్లే కాలేదు మేడమ్" అన్నాడు శ్రీకాంత్, ఆ హడావిడిలో కూడా సిగ్గుపడి.

మళ్ళీ కుర్చీ. మళ్ళీ ఎడమ పక్క. పన్నెండూ పద్దెనిమిది. ఇక్కడే ఎందుకు కూర్చుంటావ్ మేడమ్, ఇటు రా, మాట్లాడుతాడు కదా, అంటుంది శ్రీదేవి ప్రతిసారీ. ఇంట్లోవాళ్ళను కుడికి పంపుతుంది, తను మాత్రం ఈ గంట ఎడమనే. ఒడ్డున కూర్చుని పుట్టి కోసం చూసేవాళ్ళలా. ఎప్పుడైనా ఆ చూపు ఈ ఒడ్డుకు తగిలితే మొదట తనకు తగలాలి. తగలకపోతే తగలలేదు, చాలామందికి తగలదు, మందు ఎక్కించిన ముగ్గురిలో ఒకరికి బాగా తగ్గితే గొప్ప. పన్నెండూ ఇరవై ఐదుకు చేతులెత్తమంటే కుడిది లేచింది, ఎడమది లేవలేదు కానీ, చూపుడువేలు, చూపుడువేలేనా, దుప్పటి మడత మీద కొంచెం గీరింది. ఫ్యాను గాలికి దుప్పటి కదిలిందేమో. శ్రీదేవి కూడా వంగి చూసింది. వేలు మళ్ళీ గీరింది. జరీ కండె దూర్చే వేలు. ఆమె కాగితం మీద సున్నా కింద ఒకటి వేసింది.

నాయన వేలు ఆరేళ్ళలో ఒక్కసారీ కదల్లేదు. ఇది నాయన వేలు కాదు. ఈ వేలు కదిలితే నాయన లేచి రాడు, ఆ నవ్వు వెనక్కి పోదు, ఆ మంచం ఇప్పుడు ఎవరూ తిప్పలేరు. ఈ మాట ఇన్నాళ్ళు రాయిలా ఉండేది, ఈ మధ్యాహ్నం ఎందుకో తేలిగ్గా ఉంది. ఇది ఓబులేసప్ప వేలు. దీనికి దీని భార్య ఉంది, దీని పసుపు దారం ఉంది, దీని నేరేడు రంగు చీర ఉంది. నాయన ఇచ్చిందల్లా చదువు. చీర చదివే చదువు. ఫీజు ఆయన కట్టేశాడు, ఇక రోజూ కట్టక్కర్లేదు.

పన్నెండూ నలభై. పంపు కీచుమని కూసింది. శ్రీదేవి దాన్ని ఆపుతుంటే, ఆ నిశ్శబ్దంలో ఓబులేసు తల దిండు మీద కదిలింది. నెమ్మదిగా, తుప్పు పట్టిన బందు మీద తలుపు తిరిగినట్టు, ఇటు. ఎడమకు. చూపు పైకప్పు మీద జారి, సెలైన్ సీసా మీద ఆగి, కిందికి దిగి, ధరణి మొహం మీదికి వచ్చింది. వచ్చి, నిలబడింది.

"నువ్వెవురు మ్మా?" అన్నాడు. "ఎప్పుడొచ్చినావు?"

"గంట నుంచి ఈడనే ఉండా, ఓబులేసప్పా."

"కనపడ్లేదే!"

ఆమె ఫోన్ తీసి, ఫోటో పెద్దది చేసి, అతని మొహానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుంది. ఏమీ చెప్పలేదు. చూడమని కూడా అనలేదు. ఓబులేసు చూశాడు, కుడి పక్క పూలు చూశాడు, చూపు పువ్వు పువ్వుకూ జరుగుతూ మధ్యకొచ్చింది, మధ్యలో తెగిపోతుందేమో అనుకుంది ధరణి, తెగలేదు, తడబడింది, వెతుక్కుంది, దాటింది. అతని కనుబొమలు ముడిపడ్డాయి. మీసం వణికింది.

"థూ! ఎవురు నేసిండేది ఇది?"

శ్రీదేవి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎడమ పక్క పూలన్నీ ఎగరగొట్టినాడు, దొంగనాయాలు! కండ్లు యాడ పెట్టుకోని నేసినాడో! ఈ పొద్దు పిల్లోళ్ళకి మగ్గం ఇస్తే ఇంతే. ఐదో వరస కాడికి అంతా ఇప్పాల" అని, ఇప్పడానికన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు. కుడిది పూర్తిగా లేచింది. ఎడమది దుప్పటి మీది నుంచి బెత్తెడు లేచి, వణికి, పడిపోయింది. అతను దాన్ని చూశాడు. మొదటిసారి చూశాడు. "ఇదేంది, ఇది మాట ఇనల్యా" అన్నాడు, విసుగ్గా, తన చెయ్యిని తనే తిడుతూ.

ధరణికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు, పకపకా, వార్డంతా వినపడేలా, తొమ్మిదో తరగతిలో నవ్వినట్టే, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా. ఓబులేసు చిన్నబుచ్చుకుని, సరిగ్గా ఆమె మొహంలోకే చూస్తూ అడిగాడు.

"ఎందుకమ్మా నగుతాండావు?"

అప్పుడు జవాబు చెప్పకుండా పరిగెత్తింది. ఇప్పుడు కుర్చీ ఇంకొంచెం ముందుకు లాక్కుని, దుప్పటి మీద పడి ఉన్న ఆ ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చెప్పడం మొదలుపెట్టింది.